జావాస్క్రిప్ట్: అభ్యాస గ్రంథాలు, ఆకరాలు

జావాస్క్రిప్ట్ వెబ్ బ్రౌజర్లలో నడిచే ప్రోగ్రామింగ్ భాష. 1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దీని తొలి రూపాన్ని తయారుచేశారు. మొదట దీన్ని మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు. ఆ ఏడాది డిసెంబరు 4న సన్ మైక్రోసిస్టమ్స్‌తో కలిసి చేసిన ప్రకటనతో ఇప్పటి పేరు స్థిరపడింది. ఆ రోజుల్లో జావాకున్న పేరుప్రతిష్ఠలే ఈ నామకరణానికి కారణం. రాతలో కొంత పోలిక ఉంది తప్ప రెండూ వేర్వేరు భాషలు. పుస్తకాల దుకాణంలో రెండూ ఒకే అరలో కనిపిస్తాయి కనుక ఒకటి కొనబోయి మరొకటి కొనడం కొత్తవారికి తేలిగ్గా జరిగే పొరపాటు. 2009లో రయన్ డాల్ నోడ్ జేఎస్‌ను పరిచయం చేశాక ఈ భాష బ్రౌజర్ గడప దాటి సర్వర్లలోనూ విస్తారంగా వాడుకలోకి వచ్చింది.

దీన్ని నేర్పే వనరులకు కొరత లేదు. కొరతల్లా ఏ వనరు ఏ కాలానిదో చెప్పేవాళ్లకే. పైథాన్ 2 నాటి పుస్తకంలోని ప్రింట్ వాక్యాన్ని పైథాన్ 3లో నడిపితే అక్కడే ఆగి తప్పు చూపిస్తుంది. పుస్తకం పాతదని చదువరికి వెంటనే తెలిసిపోతుంది. జావాస్క్రిప్ట్ అలా కాదు. 1998లో రాసిన వెబ్ పేజీ ఈనాటికీ తెరుచుకోవాలి అనేది ఈ భాషను పోషించేవారు పెట్టుకున్న కట్టుబాటు. అందువల్ల పాత పద్ధతి ఏదీ దాదాపుగా తొలగిపోలేదు. ఇరవై ఏళ్ల నాటి పాఠంలోని కోడ్ కూడా ఏ ఫిర్యాదూ లేకుండా నడుస్తుంది, నేర్చుకునేవారు ఇరవై ఏళ్ల నాటి అలవాట్లతో బయటికి వస్తారు. కాబట్టి ఈ భాషకు సంబంధించిన ఏ పుస్తకాన్నయినా, ఏ పాఠాన్నయినా తెరిచినప్పుడు ముందుగా చూడవలసింది అది రాసిన ఏడాది.

మూల ప్రమాణం

భాష ఎలా ప్రవర్తించాలో నిర్ణయించే పత్రం ఎక్మా-262. జెనీవాలో ఉన్న ఎక్మా ఇంటర్నేషనల్ దీన్ని వెలువరిస్తుంది. జావాస్క్రిప్ట్ అనే పేరు సన్ సంస్థ వాణిజ్య చిహ్నం కావడంతో (ఇప్పుడది ఒరాకిల్ చేతిలో ఉంది) ప్రమాణంలో భాషను ఎక్మాస్క్రిప్ట్ అంటారు. తొలి సంచిక 1997 జూన్‌లోనూ, మూడో సంచిక 1999 డిసెంబరులోనూ వచ్చాయి. ఆ తర్వాత పదేళ్లపాటు కొత్త సంచిక లేదు. నాలుగో సంచిక మీద ఏళ్ల తరబడి వాదోపవాదాలు జరిగి, చివరికి 2008లో దాన్ని వదిలేశారు. 2009 డిసెంబరులో ఐదోది వచ్చింది, 2015 జూన్‌లో ఆరోది. అప్పటినుంచి ఏటా జూన్‌లో ఒక సంచిక వెలువడుతోంది. టీసీ39 అనే సంఘం ప్రతి కొత్త ప్రతిపాదననూ దశలవారీగా పరీక్షిస్తుంది, ఆ చర్చల పత్రాలు గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో ఉంటాయి.

పుస్తకం వయసు లెక్కించడానికి 2015 ఒక హద్దురాయి. లెట్, కాన్స్ట్, బాణం గుర్తుతో రాసే ఫంక్షన్లు, క్లాసులు, ప్రామిస్‌లు, మాడ్యూళ్లు ఆ సంచికతోనే ప్రమాణంలోకి వచ్చాయి. ఎసింక్, అవెయిట్ 2017లో చేరాయి. అంతకుముందు అచ్చయిన పుస్తకంలో వీటి కోసం వెతికి లాభం లేదు.

ప్రమాణ పత్రం తొలి సంచిక నూరు పుటలు దాటి కొంచెమే. ఆరో సంచికకు ఐదు వందలు దాటింది. ఇంత గ్రంథాన్ని మొదటినుంచి చివరిదాకా చదవమని ఎవరూ చెప్పరు. అయితే వంట చేసే వరసలా, ఒకటి తర్వాత ఒకటిగా అంకెలు వేసిన మెట్లలో ఉంటుంది కనుక, అవసరమైన రెండు పుటలు తెరిచి చదవడం అనుకున్నంత కష్టం కాదు. ఉదాహరణకు, 1 అనే సంఖ్యకు '2' అనే అక్షరాల విలువను కూడితే '12' వస్తుంది. '3' నుంచి 1 తీసివేస్తే మాత్రం 2 వస్తుంది. చాలా పాఠాలు దీన్ని భాషలోని వింతగా చూపించి ముందుకు సాగిపోతాయి. ప్రమాణంలో కూడిక విభాగం చూస్తే కారణం మూడు నాలుగు మెట్లలో దొరుకుతుంది: రెండు వైపుల విలువల్లో ఏ ఒక్కటి స్ట్రింగ్ అయినా రెండోదాన్ని కూడా స్ట్రింగ్‌గా మార్చి అతికించాలి, లేకపోతేనే సంఖ్యలుగా కూడాలి. తీసివేతకు స్ట్రింగ్ అనే దారే లేదు; రెండింటినీ సంఖ్యలుగా మార్చడం ఒక్కటే. ఒక్కసారి ఈ మెట్లు చదివినవారు ఆ ఫలితాన్ని బట్టీ పట్టనక్కర్లేదు.

ఈ పత్రంలో లేనివి ఏమిటో తెలియడమూ ముఖ్యమే. డాక్యుమెంట్, అలర్ట్, సెట్‌టైమవుట్, ఫెచ్ వంటివి ఎక్మా-262లో కనిపించవు. అవి భాషకు చెందినవి కావు, బ్రౌజర్ సమకూర్చే సామగ్రి. వాటి ప్రమాణాలను వాట్‌డబ్ల్యూజీ అనే బృందం వేరుగా నిర్వహిస్తుంది. భాష ఏది, దాన్ని నడిపే చోటు ఇచ్చేది ఏది అన్న తేడా తెలియక నోడ్‌లో డాక్యుమెంట్ ఎందుకు పనిచేయదని తలపట్టుకునేవారికి సమాధానం ఇదే.

ఎమ్‌డీఎన్

రోజువారీ పనిలో ప్రోగ్రామర్లు ముందుగా తెరిచే ఆకరం ఎమ్‌డీఎన్ వెబ్ డాక్స్. దీని మూలాలు నెట్‌స్కేప్ నడిపిన డెవ్‌ఎడ్జ్ అనే పత్రాల భాండారంలో ఉన్నాయి. 2004లో అది మూతపడింది. మొజిల్లా ఫౌండేషన్ నెట్‌స్కేప్ యజమాని ఏఓఎల్ నుంచి అనుమతి తెచ్చుకుని, ఆ రాతలను పునాదిగా చేసుకుని 2005లో మొజిల్లా డెవలపర్ సెంటర్‌ను మొదలుపెట్టింది. ఎవరైనా దిద్దగలిగే వికీగా అది పెరిగింది. 2017లో మైక్రోసాఫ్ట్, గూగుల్, శామ్‌సంగ్, డబ్ల్యూ3సీ దాని సలహా మండలిలో చేరాయి. ఒకదానితో ఒకటి పోటీపడే బ్రౌజర్ సంస్థలు ఒకే పాఠ్యాన్ని ఉమ్మడి ఆస్తిగా ఒప్పుకోవడం మెచ్చుకోదగ్గ విషయం. 2020 ఆగస్టులో మొజిల్లా భారీగా ఉద్యోగులను తగ్గించినప్పుడు ఈ రచయితల బృందం కూడా దెబ్బతింది. ఆ డిసెంబరులో పాఠ్యమంతా వికీ నుంచి గిట్‌హబ్‌కు మారింది. 2021 జనవరిలో ఓపెన్ వెబ్ డాక్స్ అనే ఉమ్మడి ప్రయత్నం రచయితలకు జీతాలివ్వడానికి పుట్టింది. ఇప్పుడు ప్రతి పుటా ఒక సాదా ఫైలు. తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దుబాటు పంపవచ్చు. సమీక్ష జరిగాకే అది చేరుతుంది.

ఎమ్‌డీఎన్ పుటకు ఒక స్థిరమైన వరస ఉంది: రెండు వాక్యాల పరిచయం, నడిపి చూడగల నమూనా, రాసే పద్ధతి, ఇవ్వవలసిన విలువలు, తిరిగి వచ్చే విలువ, వివరణ, ఉదాహరణలు, ప్రమాణానికి లంకె, ఏ బ్రౌజర్‌లో ఎప్పటినుంచి పనిచేస్తుందో చెప్పే పట్టిక. చాలామంది నేరుగా ఉదాహరణలకు దూకుతారు. తిరిగి వచ్చే విలువ గురించి ఉన్న రెండు వాక్యాలే ఎక్కువ చిక్కులు తప్పిస్తాయి. సార్ట్ పుటనే తీసుకుంటే, 10, 9, 1 ఉన్న జాబితాను వరసలో పెట్టమంటే 1, 10, 9 వస్తుంది. ఎలా పోల్చాలో మనం చెప్పకపోతే సార్ట్ ప్రతి విలువనూ స్ట్రింగ్‌గా మార్చి నిఘంటువు వరసలో పెడుతుందని ఆ పుట మొదట్లోనే ఉంటుంది. అది కొత్త జాబితా ఇవ్వదు, ఉన్న జాబితానే మార్చేస్తుందన్న సంగతి తిరిగి వచ్చే విలువ దగ్గర ఉంటుంది. అసలుదాన్ని కదపకుండా కొత్త జాబితా ఇచ్చే టుసార్టెడ్ 2023 ప్రమాణంలో వచ్చింది.

బ్రౌజర్ పట్టిక ఎందుకు అవసరమో తెలుగు రాతతో పనిచేసేవారికి త్వరగా బోధపడుతుంది. 'తెలుగు' అనే మాట పొడవెంతని జావాస్క్రిప్ట్‌ను అడిగితే 6 అంటుంది. మన కంటికి అక్షరాలు మూడే. స్ట్రింగ్ పొడవును భాష యూటీఎఫ్-16 కోడ్ యూనిట్లలో లెక్కిస్తుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. మాటను తిరగేసి చూపించే చిన్న అభ్యాసం ప్రతి పాఠంలోనూ ఉంటుంది. తెలుగు మాటతో అది చేస్తే గుణింతపు గుర్తులు పక్క హల్లుకు అంటుకుని రాత చెడిపోతుంది. దీనికి మందు, వివిధ మానవ భాషల అవసరాల కోసం వేరుగా ఉన్న ఎక్మా-402 ప్రమాణంలోని సెగ్మెంటర్. అది మాటను చదువరి కంటికి కనిపించే అక్షరాలుగా విడదీస్తుంది. క్రోమ్‌లో 2020లో, సఫారీలో 2021లో, ఫైర్‌ఫాక్స్‌లో 2024 ఏప్రిల్‌లో అది అందుబాటులోకి వచ్చింది. ఆ మధ్య కాలంలో దాన్ని వాడినవారు పట్టిక చూడకపోతే ఫైర్‌ఫాక్స్ పాఠకుల ముందు పేజీ ఆగిపోయేది. ఒత్తుల సంగతి ఇంకా సూక్ష్మం. 'అమ్మ' అనే మాటను పాత యూనికోడ్ నియమాలు అ, మ్, మ అని మూడు ముక్కలు చేసేవి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తును ముందరి హల్లుతో కలిపే ఉంచమంది.

పుస్తకాలు

తొలినాళ్లలో ఈ భాషకు అసలు పాఠ్యపుస్తకం ఇతరుల వెబ్ పేజీలే. పేజీ మీద కుడి క్లిక్ చేసి మూలపాఠం చూసి, నచ్చిన ముక్కను తెచ్చుకుని మార్చి చూసేవారు. ఇప్పుడు పేజీల కోడ్‌ను ఖాళీలు తీసేసి, పేర్లు కుదించి పంపుతున్నారు కనుక ఆ దారి చాలావరకు మూసుకుపోయింది.

అచ్చులో పెద్దపీట డేవిడ్ ఫ్లానగన్ రాసిన 'జావాస్క్రిప్ట్: ది డెఫినిటివ్ గైడ్'ది. ఓరైలీ సంస్థ 1996లో తొలి కూర్పును తెచ్చింది. ముఖచిత్రం జావా ద్వీపపు ఖడ్గమృగం. దాంతో ఇది ఖడ్గమృగం పుస్తకంగానే పేరుపడింది, మొజిల్లాలోని ఒక జావాస్క్రిప్ట్ ఇంజన్‌కు రైనో అనే పేరు కూడా ఈ అట్ట మీది బొమ్మ వల్లే వచ్చింది. 2011 నాటి ఆరో కూర్పు వెయ్యి పుటలు దాటింది. 2020 నాటి ఏడో కూర్పు అంతకంటే బాగా సన్నబడింది. ఫంక్షన్ల జాబితా వెబ్‌లో దొరుకుతున్నప్పుడు అచ్చులో మోయనక్కర్లేదని ఆ ఆకర భాగాన్ని తీసేశారు. మన దేశంలో ఓరైలీ పుస్తకాలను ముంబైలోని ష్రాఫ్ పబ్లిషర్స్ తక్కువ ధరకు పునర్ముద్రించడంతో హైదరాబాదులో కోఠీ దుకాణాల దాకా అవి చేరాయి. పాత పుస్తకాల దగ్గర కొనేవారు అట్ట వెనక ఏ కూర్పో చూసుకోవాలి. ఐదో కూర్పు ఎంత చవకగా దొరికినా ఇప్పుడు నేర్చుకోవడానికి పనికిరాదు.

డగ్లస్ క్రాక్‌ఫోర్డ్ 'జావాస్క్రిప్ట్: ది గుడ్ పార్ట్స్' 2008లో వచ్చింది. నూటయాభై పుటల పైచిలుకు ఉన్న సన్నని పుస్తకం. దీని మీది సీతాకోకచిలుక ప్లెయిన్ టైగర్, మన ఊళ్ల జిల్లేడు మొక్కల మీద గుడ్లు పెట్టే నారింజ రంగుదే. అప్పటిదాకా ఈ భాషను బొమ్మలు కదిలించే ఆటవస్తువుగా చూసినవారికి ఇందులో గట్టి భాష ఒకటి దాగి ఉందని ఈ పుస్తకం చూపించింది. ఫంక్షన్‌ను కూడా ఒక విలువగా ఇచ్చిపుచ్చుకోవచ్చన్నది ఆయన ఎత్తిచూపిన బలం. రెండు సమాన చిహ్నాలతో పోల్చడం, గ్లోబల్ పేర్లు, విత్, ఇవాల్ వంటివి మానుకోమని కారణాలతో సహా చెప్పారు. ఆ మానుకోవలసిన జాబితా నేటికీ దాదాపుగా చెల్లుతుంది. రాయమని చెప్పిన పద్ధతుల్లో చాలావాటికి మాత్రం తర్వాతి ప్రమాణాలు మేలైన దారులు చూపాయి. నేడు దీన్ని చరిత్రగా చదవడం మంచిది, తొలి పాఠ్యపుస్తకంగా మాత్రం కాదు.

మొదటి పుస్తకం ఏదని అడిగేవారికి ఈ వ్యాసరచయిత సూచించేది మారైన్ హావర్‌బెకె రాసిన 'ఎలోక్వెంట్ జావాస్క్రిప్ట్'. 2007లో వెబ్‌లో వెలువడి, 2011లో అచ్చయింది. నాలుగో కూర్పు 2024లో వచ్చింది. వెబ్ ప్రతి ఉచితం. అందులోని కోడ్ ముక్కలను పుటలోనే మార్చి నడపవచ్చు. హావర్‌బెకె కోడ్‌మిర్రర్ అనే ఎడిటర్‌ను నిర్మించిన మనిషి. రాత పనిముట్ల మీద ఆయనకున్న శ్రద్ధ పుస్తకమంతటా కనిపిస్తుంది. ఇందులో ఒక అధ్యాయం మొత్తం ఎగ్ అనే బుల్లి భాషను జావాస్క్రిప్ట్‌లో నిర్మించడానికే కేటాయించారు. భాష అంటే ఏమిటో, వాక్యాన్ని చెట్టులా విడదీసి దాని అర్థాన్ని ఎలా లెక్కిస్తారో అక్కడ చేతులతో చేసి తెలుసుకుంటాం. తేలిక పుస్తకం కాదిది. నాలుగైదు అధ్యాయాలు దాటాక దారి ఎత్తెక్కుతుంది, అభ్యాసాలు చేయకుండా ముందుకు పోతే ఏమీ అందదు.

కైల్ సింప్సన్ 'యూ డోంట్ నో జేఎస్' ఆరు చిన్న సంపుటాలు 2014, 2015 ప్రాంతంలో వచ్చాయి, గిట్‌హబ్‌లో ఉచితంగా చదవవచ్చు. రెండో కూర్పులోని తొలి రెండు సంపుటాలు 2020 నాటివి. ఏడాదిపాటు కోడ్ రాసినవారికి ఇవి బాగా ఉపయోగపడతాయి. స్కోప్, క్లోజర్ల సంపుటమే చూడండి. 0 నుంచి 2 దాకా తిరిగే లూప్‌లో వార్‌తో లెక్కపెడుతూ, ప్రతి చుట్టులోనూ ఆ సంఖ్యను కాసేపాగి ముద్రించమంటే 3, 3, 3 వస్తుంది. వార్ బదులు లెట్ రాస్తే 0, 1, 2 వస్తుంది. వార్‌తో లూప్ అంతటికీ ఒకే పేటిక ఉంటుంది. ముద్రించే సమయానికి లూప్ ముగిసి అందులో 3 కూర్చుంటుంది. లెట్ ప్రతి చుట్టుకూ కొత్త పేటికనిస్తుంది. ఈ ఒక్క ఉదాహరణ అర్థమైతే క్లోజర్ సగం అర్థమైనట్టే.

భాష ఇలా ఎందుకు తయారైందో తెలుసుకోగోరేవారికి అలెన్ వర్ఫ్స్-బ్రాక్, బ్రెండన్ ఐక్ కలిసి 2020లో ప్రచురించిన తొలి ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. ఆరో సంచిక సంపాదకుడూ భాషను సృష్టించిన మనిషీ కలిసి రాసిన పుస్తకమంత వ్యాసం అది, ఉచితంగా దొరుకుతుంది.

వెబ్‌లో పాఠాలు, ప్రశ్నోత్తరాలు

ఇల్యా కాంటర్ మొదట రష్యన్‌లో మొదలుపెట్టిన 'ది మోడర్న్ జావాస్క్రిప్ట్ ట్యుటోరియల్' ప్రస్తుతం ఉచిత పాఠాల్లో అన్నిటికన్నా క్రమంగా సాగేది. చిన్న అధ్యాయాలు, చివర జవాబులతో సహా అభ్యాసాలు. కొత్త ప్రమాణాలు వచ్చినప్పుడల్లా దిద్దుతూ వస్తున్నారు. 2014లో క్విన్సీ లార్సన్ మొదలుపెట్టిన ఫ్రీకోడ్‌క్యాంప్ లాభాపేక్ష లేని సంస్థ. చదివే ఓపిక తక్కువై చేసే ఉత్సాహం ఎక్కువ ఉన్నవారికి అది సరిపోతుంది. నార్వేలోని ఒక సంస్థ నడిపే డబ్ల్యూ3స్కూల్స్ 1990ల చివరినుంచీ ఉంది. పేరు పోలిక వల్ల ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీకి చెందినదని చాలామంది అనుకుంటారు. రెండింటికీ సంబంధం లేదు. చటుక్కున ఒక ఉదాహరణ చూడటానికి అది చాలు. ఎందుకు అనే ప్రశ్నకు మాత్రం వేరేచోట వెతకాలి.

2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లోలో జావాస్క్రిప్ట్ మీద లక్షల ప్రశ్నలున్నాయి. వయసు చిక్కు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇక్కడే. 2006లో జాన్ రెసిగ్ విడుదల చేసిన జేక్వెరీ బ్రౌజర్ల మధ్య తేడాలను దాచిపెట్టి ఆనాటి ప్రోగ్రామర్లను ఎంతో ఆదుకుంది. అందుకే 2010 ప్రాంతపు సమాధానాల్లో ఏ ప్రశ్నకైనా జేక్వెరీయే మందు. ఓట్లు కూడగట్టుకున్న ఆ సమాధానాలే ఇప్పటికీ పైన కనిపిస్తుంటాయి, సరికొత్త సమాధానం కింద ఎక్కడో ఉంటుంది. సమాధానం కింద ఉన్న తేదీ చూశాకే కోడ్‌ను తీసుకోవాలి. కృత్రిమ మేధ సహాయకుల జవాబులకు ఆ తేదీ కూడా ఉండదు, కాబట్టి అవి చెప్పిన ఫంక్షన్ పేరును ఎమ్‌డీఎన్‌లో ఒకసారి సరిచూసుకోవడం తప్పనిసరి.

కన్సోల్

అన్ని ఆకరాలకూ సాక్షి బ్రౌజర్‌లోనే ఉన్న కన్సోల్. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ ఎఫ్12 నొక్కితే తెరుచుకుంటుంది. 2006లో జో హెవిట్ ఫైర్‌ఫాక్స్ కోసం తయారుచేసిన ఫైర్‌బగ్ ఇలాంటి పనిముట్లకు దారి చూపింది. పుస్తకంలోని ప్రతి వాదననూ అక్కడే పరీక్షించవచ్చు. పార్స్‌ఇంట్ ఫంక్షన్‌కు '08' ఇచ్చేటప్పుడు వెంట 10 అనే ఆధారాన్ని కూడా ఇవ్వాలని పాత పుస్తకాలు గట్టిగా చెబుతాయి. నేడు ఇవ్వకుండా నడిపినా కన్సోల్ 8 అనే చూపిస్తుంది. పుస్తకాలు అబద్ధం చెప్పలేదు: సున్నాతో మొదలైన సంఖ్యను ఎనిమిది ఆధారంగా లెక్కించే వీలు 1999 ప్రమాణంలో ఉండేది, ఆగస్టు నెల '08' సున్నా అయి తేదీలు తారుమారయ్యేవి. 2009 ప్రమాణం దాన్ని సరిదిద్దింది.

తెలుగులో

హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల్లో ఈ భాషను తెలుగు, ఇంగ్లీషు కలగలిపి చెబుతారు. యూట్యూబ్‌లో తెలుగు పాఠాలు చాలా ఉన్నాయి. చదివి చూసుకోగల రాతపూర్వక ఆకరం మాత్రం తెలుగులో లేని లోటు పెద్దదే. ఎమ్‌డీఎన్ భాషల పట్టీలో తెలుగు కనిపించదు. వీడియోలో ఒక ఫంక్షన్ వివరణ ఎక్కడుందో వెతుక్కోవడం కష్టం, పైగా దిద్దుబాటుకు వీలుండదు.

తెలుగు మాధ్యమంలో లెక్కలు చదివినవారి చేతిలో కొన్ని మాటలు ముందే ఉన్నాయి: వేరియబుల్‌కు చలరాశి, కాన్స్టంట్‌కు స్థిరరాశి, ఫంక్షన్‌కు ప్రమేయం. చలరాశి చక్కగా అతుకుతుంది. ప్రమేయం దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. లెక్కల్లో ప్రమేయానికి ఒకే విలువ ఎన్నిసార్లు ఇచ్చినా ఒకే ఫలితం వస్తుంది. జావాస్క్రిప్ట్ ఫంక్షన్ గడియారం చూసో, బయటి చలరాశిని చూసో పిలిచిన ప్రతిసారీ వేరే జవాబు ఇవ్వగలదు. ఈ తేడాను మొదటి రోజే చెబితే ఇంటర్ లెక్కల పరిచయం అడ్డంకి కాకుండా సాయమవుతుంది.

భాష కీలక పదాలు ఇంగ్లీషువే అయినా మనం పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలో ఉండవచ్చు. ప్రమాణం యూనికోడ్ అక్షరాలను పేర్లలో అనుమతిస్తుంది, గుణింతాలు, ఒత్తులు, సున్నాలతో సహా. ధర, పరిమాణం అనే రెండు చలరాశులను గుణించి మొత్తం అనే స్థిరరాశిలో పెట్టే కోడ్ ఏ బ్రౌజర్ కన్సోల్‌లోనైనా నడుస్తుంది. సంస్థల్లో ఇంగ్లీషు పేర్లే వాడతారు కనుక ఇది ఉద్యోగానికి పనికిరాకపోవచ్చు, కానీ తొమ్మిదో తరగతి పిల్లలకు తొలి పాఠం చెప్పేటప్పుడు ఏది భాష మాట, ఏది మనం పెట్టిన పేరు అన్నది చూడగానే తెలిసిపోతుంది. ఆ మొత్తం 1234567 అయి, దాన్ని తెలుగు లొకేల్ ప్రకారం ముద్రించమంటే, కన్సోల్ లక్షల దగ్గర కామా పెట్టి 12,34,567 అని చూపిస్తుంది.